మేనోంగ్ కోడళ్ళ భాష

తైవాన్ దక్షిణాన కావోష్యుంగ్ దగ్గరి మేనోంగ్, హక్కా భాష మాట్లాడే రైతుల ఊరు, ఒకప్పుడు పొగాకు పంటకు పేరుపడ్డది. చదువుకున్న ఆడపిల్లలు పట్నం దారి పట్టాక, పొలాన్ని నమ్ముకున్న మగవాడికి పిల్లనిచ్చేవాళ్ళు కరువయ్యారు. దళారులు ఇండోనేషియాలోని పశ్చిమ కలిమంతాన్ నుంచి, వియత్నాం నుంచి పెళ్ళికూతుళ్ళను తెచ్చారు. చైనా వధువులను కూడా కలుపుకుంటే, 2003లో తైవాన్‌లో జరిగిన పెళ్ళిళ్ళలో దాదాపు మూడో వంతు విదేశీయులతోనే. మరుసటి ఏడాదే, విదేశీ కోడళ్ళు అంతమంది పిల్లల్ని కనకుండా చూడాలని సాక్షాత్తూ విద్యాశాఖ ఉపమంత్రే అన్నాడు. తల్లికి భాష రాదు కనుక బిడ్డ చదువులో వెనకబడతాడన్నది అప్పట్లో చాలామంది నమ్మకం. నాకు ఈ లెక్క తలకిందులుగా కనిపిస్తుంది. చాలా అత్తారిళ్ళలో తల్లి తన భాషలో బిడ్డతో మాట్లాడడమే తప్పయింది. వచ్చిన భాషలో నోరు మూయించి, రాని భాషలో బిడ్డకు మాటలు నేర్పమన్నారు. ఆ పని ఏ తల్లికైనా ఎలా సాధ్యం?

బడిలో నడిచేది మాండరిన్ కదా, ఇంట్లో మరో భాష ఎందుకని అడగవచ్చు. కానీ ఇదే మాటతో ఒకప్పుడు హక్కా పిల్లలను బడుల్లో దండించారు. విసిగిన హక్కాలు 1988 డిసెంబరులో తమ భాష కోసం తైపేలో ఊరేగారు. ఆ అవమానం ఎరిగిన తరమే ఇంటికొచ్చిన కోడలికి అదే పాఠం చెప్పింది. అత్తగారిని రాక్షసిని చేయడం నా ఉద్దేశం కాదు. కోడలు పొలానికో కూలికో వెళ్తే బిడ్డను సాకింది చాలా ఇళ్ళలో ఆవిడే. ఆ చేతులే లేకపోతే సంసారం గడిచేది కాదు. అయితే ఆ సాయంతోపాటే బిడ్డ ఏం తినాలి, ఏం మాట్లాడాలి అన్న అధికారమూ ఆవిడ చేతికే పోయింది. 1995లో మేనోంగ్‌లో ఈ స్త్రీల కోసం అక్షరాభ్యాస తరగతులు మొదలైనప్పుడు, నలుగురితో కలిస్తే కోడలు చెయ్యిదాటిపోతుందని జంకిన ఇళ్ళు ఉన్నాయి.

అసలు చిక్కు భాషలో లేదనడానికి మేనోంగే సాక్ష్యం. పశ్చిమ కలిమంతాన్ నుంచి వచ్చినవారిలో చాలామంది పుట్టుకతో హక్కాలే. యాసలో తేడా ఉన్నా అత్తాకోడళ్ళకు మాట కలిసేది. అయినా డబ్బిచ్చి తెచ్చుకున్న పేదింటి పిల్ల అన్న చిన్నచూపు వాళ్ళకూ తప్పలేదు. 2019లో ప్రాథమిక బడుల్లో వియత్నామీస్, ఇండోనేషియన్ సహా ఏడు ఆగ్నేయాసియా భాషలకు చోటిచ్చారు, వాటిని చెప్పడానికి ఆ తల్లులకే తర్ఫీదు ఇచ్చారు. మంచి పనే. తమాషా ఏమిటంటే, కలిమంతాన్ హక్కా తల్లికి ఇండోనేషియన్ అనేది బడిలో నేర్చిన భాష. ఆమె పుట్టింటి మాట ఆ ఏడింటిలో లేదు, అత్తగారి వంటింట్లో ఉంది.