ద్రవాభిసరణం

నీటిని పోనిచ్చి, అందులో కరిగిన పదార్థాలను చాలావరకు అడ్డుకునే పొరను పాక్షిక పారగమ్య త్వచం అంటారు. అలాంటి పొర గుండా పలుచని ద్రావణం వైపు నుంచి చిక్కని ద్రావణం వైపు నీరు చేరడమే ద్రవాభిసరణం. జీవకణాన్ని చుట్టి ఉండే ప్లాస్మా పొర ఈ కోవలోదే. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే: ప్రధానంగా కదిలేది నీరు, ఉప్పు కాదు.

బాపట్ల జిల్లా పిట్టలవానిపాలెం పరిసరాల్లో దీన్ని చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. మాగాయకు తరిగిన మామిడి ముక్కల్లో ఉప్పు, పసుపు కలిపి జాడీలో పెడతారు. చుక్క నీరు పోయకపోయినా మూడో రోజుకు ఊట ఊరుతుంది, ముక్క వడలి మెత్తబడుతుంది. ఆ ఊటలో ఎక్కువ భాగం ముక్కలోని కణాల నీరే. నీరు పోయిన కణంలో ప్లాస్మా పొర కణకవచాన్ని వదిలి లోపలికి ముడుచుకుంటుంది. దీన్ని కోశద్రవ్య సంకోచం అంటారు. చివరికి కణాలు చచ్చిపోయి పొర అడ్డుకునే గుణం కోల్పోయాక ఉప్పు కూడా ముక్కలోకి చేరుతుంది.

ఫ్రెంచి శాస్త్రవేత్త నొలే 1748లో జంతువు మూత్రాశయపు పొరతో ఈ క్రియను గమనించాడు. నీటి రాకను ఆపడానికి చిక్కని ద్రావణం మీద పెట్టాల్సిన పీడనాన్ని ద్రవాభిసరణ పీడనం అంటారు. దాన్ని లెక్కగట్టే సూత్రం ఇచ్చిన వాంట్ హాఫ్ 1901లో రసాయనశాస్త్రంలో తొలి నోబెల్ అందుకున్నాడు. ఆ సూత్రం ప్రకారం లెక్కకు వచ్చేది కరిగిన కణికల సంఖ్య. చక్కెర అణువు కరిగినా ఒక్కటిగానే ఉంటుంది. ఉప్పు సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది. కాబట్టి అన్నే మోల్స్ తీసుకుంటే ఉప్పు ప్రభావం దాదాపు రెట్టింపు. లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుండే సముద్రపు నీటికి ఈ పీడనం సుమారు 27 అట్మాస్ఫియర్లు.

కృష్ణా పశ్చిమ డెల్టాలో సముద్రానికి దగ్గరి పొలాల కష్టం ఇందులోనే ఉంది. మామూలు మడిలో మట్టినీటి కంటే మూలకేశంలోని కణద్రవం చిక్కన, అందుకే నీరు వేరులోకి వస్తుంది. కణాలు నీటితో బిగిసి ఆకు నిటారుగా నిలుస్తుంది. ఉప్పు పేరుకున్న పాలచౌడు నేలలో మట్టినీరు చిక్కబడే కొద్దీ ఈ తేడా తగ్గిపోతుంది. మడిలో నీళ్లు నిలిచే ఉంటాయి, పైరు మాత్రం దాహంతో ఉంటుంది. ఆకు కొనలు తెల్లబడి ఎండుతాయి, మొక్క గిడసబారుతుంది. సోడియం, క్లోరైడ్ కణాల్లో పేరుకోవడం ఆపై దెబ్బ. విద్యుత్ వాహకత మీటరుకు 4 డెసీసీమెన్లు దాటిన నేలను పాలచౌడుగా లెక్కిస్తారు. వరి దిగుబడి అంతకంటే ముందే, 3 దగ్గరే తగ్గడం మొదలవుతుంది. ఇలాంటి నేలల మీద బాపట్లలో చాలాకాలంగా పరిశోధన సాగుతోంది.

పాలచౌడుకు మందు మంచినీరే. గట్లు వేసి కాలువ నీరు నిలగట్టి, దమ్ము చేసి, ఉప్పు కరిగిన నీటిని మురుగు కాలువలోకి తీసేయాలి. మురుగు పారే దారి లేకుంటే ఈ శ్రమంతా వృథా. కారుచౌడు సంగతి వేరు. అక్కడ మట్టిరేణువులను పట్టుకున్న సోడియాన్ని జిప్సంలోని కాల్షియంతో తప్పించి, ఆ తర్వాతే కడగాలి.

రేపల్లె, నిజాంపట్నం తీరంలోని మడచెట్లు ఉప్పునీటిలోనే బతుకుతాయి. వేళ్లు చాలా ఉప్పును బయటే ఆపుతాయి. అవిసెన్నియా జాతి మడ, లోపలికి వచ్చిన దాన్ని ఆకుల మీది గ్రంథుల ద్వారా వదిలేస్తుంది. ఎండిన ఆకు మీద ఉప్పు పలుకులు కంటికి కనిపిస్తాయి.

ఊళ్లలో డబ్బా నీళ్లు పట్టే ఆర్.ఓ. ప్లాంట్లు ఇదే క్రియను తిరగేస్తాయి. ద్రవాభిసరణ పీడనాన్ని మించిన ఒత్తిడితో ఉప్పునీటిని నెడితే మంచినీరు పొర దాటుతుంది. ఆ ఒత్తిడికి కరెంటు కావాలి. ఉప్పు చిక్కబడ్డ మిగులు నీరు ఒక పక్కకు వస్తుంది. దాన్ని పంట బోదెలోకి వదలకూడదు.