బస్తర్‌లో జనాదరణ, పదవి: ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్‌ ఉదంతం

సినీనటులు, గాయకులు, క్రీడాకారులు ఎన్నికల బరిలోకి దిగడం తెలుగు పాఠకులకు కొత్త విషయం కాదు. వెండితెరపై సంపాదించిన పేరు తొమ్మిది నెలల్లోనే ముఖ్యమంత్రి పీఠం దాకా చేర్చిన ఉదాహరణ 1983 నాటి ఆంధ్రప్రదేశ్‌దే. అంతకు పాతికేళ్లకు పైగా ముందే, నేటి తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న బస్తర్‌లో మరో రకమైన జనాకర్షణ శాసనసభలో అడుగుపెట్టింది. దానికి సినిమాతో సంబంధం లేదు. దసరా రథం, దంతేశ్వరి అమ్మవారి గుడి, కాకతీయ వంశ కథ దాని మూలాలు. బస్తర్‌ చివరి పాలక మహారాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్‌ 1957లో జగదల్‌పూర్‌ నుంచి మధ్యప్రదేశ్‌ శాసనసభకు ఎన్నికయ్యారు. రెండేళ్లకే ఆ పదవిని వదులుకున్నారు. 1966లో తన రాజభవనంలోనే పోలీసు కాల్పుల్లో మరణించారు. పార్టీ ఇవ్వని ఆదరణ ఒక వ్యక్తికి ఉన్నప్పుడు ప్రజాస్వామ్య వ్యవస్థ దాన్ని ఎలా స్వీకరిస్తుంది, ఎక్కడ భయపడుతుంది అన్న ప్రశ్నకు దేశంలో ఇంతకంటే తీవ్రమైన ఉదాహరణలు అరుదు.

ఖ్యాతికి మూలం

1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యాల వశమైన తరువాత ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి ఉత్తరాన బస్తర్‌ రాజ్యాన్ని స్థాపించాడని ఆ రాజవంశ సంప్రదాయం చెబుతుంది. ఈ వంశక్రమంపై చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేకపోయినా, బస్తర్‌ రాజులు తమను కాకతీయులుగానే చెప్పుకొన్నారు. ఓరుగల్లు నుంచి అమ్మవారు రాజు వెంట నడిచి వచ్చిందని, ఆయన వెనుదిరిగి చూసిన చోట ఆగిపోయిందని చెప్పే కథ బస్తర్‌లో నేటికీ వినిపిస్తుంది. ఆ అమ్మవారే దంతేవాడలో వెలసిన దంతేశ్వరి. బస్తర్‌ రాజు ఆమెకు ప్రధాన పూజారి కూడా. ఆదివాసి దృష్టిలో రాజుకు గౌరవం తెచ్చిపెట్టింది సింహాసనం కన్నా ఈ పూజారి హోదాయే.

డెబ్బై అయిదు రోజుల పాటు సాగే బస్తర్‌ దసరాలో రావణ దహనం ఉండదు. పండుగ మొదలుపెట్టడానికి రాజు ముందుగా కాఛిన్‌ దేవత అనుమతి కోరాలి. ముళ్ల ఊయలపై కూర్చున్న ఒక చిన్న బాలిక నోట ఆ అనుమతి వస్తుంది. విజయదశమి రాత్రి మాడియా ఆదివాసులు రథాన్ని నగరం వెలుపలి కుమ్హడాకోట్‌కు లాక్కుపోతారు. మరునాడు రాజు స్వయంగా అక్కడికి వెళ్లి, వారితో కలిసి కొత్త బియ్యపు అన్నం తిన్న తరువాతే రథం తిరిగివస్తుంది. ఏడాదికి ఒకసారి వందలాది గ్రామాల ప్రజలు తమ దేవతలను వెంటబెట్టుకొని వచ్చి రాజును కళ్లారా చూసే సందర్భం ఇది. పత్రికలు, రేడియో చేరని అడవి పల్లెల్లో ఆ ముఖం అందరికీ పరిచితం కావడానికి ఇంతకు మించిన సాధనం అవసరం లేకపోయింది.

1929లో జన్మించిన ప్రవీర్‌చంద్ర, తల్లి ప్రఫుల్లకుమారి దేవి 1936లో లండన్‌లో మరణించడంతో ఏడేళ్ల వయసులో గద్దెనెక్కారు. బస్తర్‌ను పాలించిన మహారాణి ఆమె. తండ్రి ఒడిశాలోని మయూర్‌భంజ్‌ రాజకుటుంబీకుడు కావడంతో భంజ్‌దేవ్‌ అన్న ఇంటిపేరు వచ్చింది. 1948 జనవరి 1న బస్తర్‌ సంస్థానం నాటి సెంట్రల్‌ ప్రావిన్సెస్‌లో విలీనమైంది. పాలనాధికారం పోయింది, రాజభరణం, బిరుదు, పూజారి హోదా మిగిలాయి.

ఓటు పెట్టెలో రాజు

ఆ మిగిలినదాని విలువ ఎంతో 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లోనే తెలిసింది. బస్తర్‌ లోక్‌సభ స్థానంలో స్వతంత్ర అభ్యర్థి ముచాకీ కోసా పోలైన ఓట్లలో 80 శాతానికి పైగా సాధించి కాంగ్రెస్‌ అభ్యర్థిని ఓడించారు. స్వాతంత్య్రం తెచ్చిన పార్టీగా కాంగ్రెస్‌ దేశమంతటా గెలుస్తున్న కాలమది. కోసా వెనుక మహారాజు అండ ఉందన్నది అందరికీ తెలిసిన విషయమే. మరుసటి ఏడాది ప్రవీర్‌చంద్ర ఆస్తులను ప్రభుత్వం కోర్ట్‌ ఆఫ్‌ వార్డ్స్‌ నిర్వహణలోకి తీసుకుంది. సొంత ఆస్తిని చూసుకొనే సామర్థ్యం లేని వారి కోసం ఉద్దేశించిన ఈ ఏర్పాటు ఆయనకు అవమానంగా తోచింది. ఆ తరువాతి రాజకీయంలో ఈ గాయం పాత్ర తక్కువేమీ కాదు.

1957 నాటికి కాంగ్రెస్‌ ఆయనను తనవైపు తిప్పుకొంది. ఆ పార్టీ అభ్యర్థిగా ప్రవీర్‌చంద్ర జగదల్‌పూర్‌ నుంచి గెలిచారు. క్రితం సారి చేజారిన లోక్‌సభ స్థానం కూడా ఈసారి కాంగ్రెస్‌కే దక్కింది. సుర్తీ కిస్తయ్య ఎంపీ అయ్యారు. పేరున్న వ్యక్తిని చేర్చుకొని ఆ పేరును పార్టీ ఓట్లుగా మార్చుకొనే పద్ధతి సినీతారలతోనే మొదలు కాలేదని ఈ ఎన్నిక గుర్తుచేస్తుంది.

శాసనసభలో మాత్రం ఆయన ఇమడలేకపోయారు. ప్రభుత్వంతో విభేదాలు ముదిరి 1959లో రాజీనామా చేశారు. అప్పటికే బస్తర్‌ వేగంగా మారుతోంది. తూర్పు బెంగాల్‌ శరణార్థుల పునరావాసం కోసం 1958లో దండకారణ్య ప్రాజెక్టు ప్రారంభమైంది. బైలాడీలా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవు మీదుగా జపాన్‌కు తరలించేందుకు ఏర్పాట్లు సాగుతున్నాయి. అడవి, భూమి ఎవరివన్న ప్రశ్న ఆదివాసులకు నిత్యజీవిత సమస్యగా మారింది. భోపాల్‌లో జరిగే చర్చల్లో ఒక సభ్యుడిగా ఉండటం కన్నా జగదల్‌పూర్‌ రాజభవనంలో మహారాజుగా ఉండటంలోనే తనకు బలం ఎక్కువని ప్రవీర్‌చంద్ర భావించినట్లు ఆయన తరువాతి నడక చెబుతుంది.

లోహండీగూడ, ఆ తరువాత

1961 ఫిబ్రవరి 11న ఆయనను నివారక నిర్బంధ చట్టం కింద అరెస్టు చేశారు. మరునాడే కేంద్ర ప్రభుత్వం పాలకుడిగా ఆయనకున్న గుర్తింపును రద్దు చేసి, తమ్ముడు విజయ్‌చంద్రను మహారాజుగా గుర్తించింది. ఒక సంస్థానాధీశుని ‘పాలకుడి’గా గుర్తించే అధికారం రాజ్యాంగంలోని 366(22) అధికరణం ప్రకారం రాష్ట్రపతికి ఉండేది, ఆ అధికారాన్నే ఇక్కడ వినియోగించారు. కాగితం మీద ఇది పూర్తయిన వ్యవహారం. కానీ దేవత పూజారిని ఉత్తర్వుతో మార్చవచ్చన్న ఊహ ఆదివాసులకు అర్థమయ్యేది కాదు.

మార్చి 31, శుక్రవారం, జగదల్‌పూర్‌కు పడమట ఉన్న లోహండీగూడలో మహారాజును విడుదల చేయాలంటూ గుమిగూడిన వేలాది మందిపై పోలీసులు కాల్పులు జరిపారు. కనీసం 12 మంది ఆదివాసులు మరణించారు. ఆ తరువాత కొద్ది వారాలకు ప్రవీర్‌చంద్ర విడుదలయ్యారు. 1962 ఎన్నికల్లో ఆయన మద్దతుతో నిలిచిన స్వతంత్రులు బస్తర్‌లో అత్యధిక శాసనసభ స్థానాలు గెలుచుకున్నారు. లోక్‌సభ స్థానం కూడా స్వతంత్ర అభ్యర్థి లఖ్ము భవానీకి దక్కింది. అధికారికంగా మహారాజు కాని వ్యక్తి, శాసనసభ్యుడు కూడా కాని వ్యక్తి, ఒక జిల్లా మొత్తం తీర్పును నిర్ణయించారు. నాటి అవిభక్త బస్తర్‌ జిల్లా విస్తీర్ణంలో కేరళ కంటే పెద్దది.

రాజు ఆదివాసులను తన ఆస్తి వివాదం కోసం వాడుకున్నారని అప్పటి ప్రభుత్వ వర్గాలు విమర్శించాయి. ఆ విమర్శలో కొంత నిజం ఉండవచ్చు. ఆయన కోరికల్లో సొంత ఆస్తి, బిరుదు ఎప్పుడూ ముందు వరుసలోనే ఉన్నాయి. అయితే 1965–66 కరవు కాలంలో ధాన్యం లెవీ వసూళ్లపై నిరసనకు దిగిన మహిళల ఆందోళన బిరుదుల గురించి కాదు, తిండిగింజల గురించి. వారికి ఫిర్యాదు చెప్పుకోవడానికి ఉన్న ఏకైక పెద్ద దిక్కు రాజభవనమే కావడం, మధ్యలో ఉండవలసిన ప్రతినిధులు, అధికారులు ఎంత దూరంగా ఉన్నారో చూపుతుంది.

1966 మార్చి 25న జగదల్‌పూర్‌ రాజభవనంలో ఆదివాసులకు, పోలీసులకు మధ్య ఘర్షణ కాల్పులకు దారితీసింది. ప్రవీర్‌చంద్రతో పాటు పలువురు ఆదివాసులు మరణించారు. ఆయన వయసు అప్పటికి 36. ముఖ్యమంత్రి ద్వారకాప్రసాద్‌ మిశ్రా ప్రభుత్వం న్యాయమూర్తి కె.ఎల్‌.పాండే ఆధ్వర్యంలో విచారణ కమిషన్‌ను నియమించింది. అధికారికంగా ప్రకటించిన మృతుల సంఖ్యను బస్తర్‌లో ఎన్నడూ పూర్తిగా నమ్మలేదు.

మరణంతో ఆ పేరు ప్రభావం ఆగలేదు. 1970ల ఆరంభంలో బిహారీ దాస్‌ అనే సాధువు తాను ప్రవీర్‌చంద్రనేనని ప్రకటించుకొని, మాంసం, మద్యం మానమని బోధిస్తూ మెడలో కంఠి ధరించిన వేలాది అనుచరులను కూడగట్టాడు. ఆయన ప్రాపకం కోసం రాజకీయ నాయకులు కూడా ప్రయత్నించారు. దసరా వేళ దంతేశ్వరి పటాల పక్కన ప్రవీర్‌చంద్ర చిత్రాలు నేటికీ కనిపిస్తాయి.

సినీతార రాని నేల

మరి బస్తర్‌లో సినిమా ఖ్యాతి ఎందుకు ఓటుగా మారలేదు? తొలి కారణం చట్టంలోనే ఉంది. నేటి బస్తర్‌ డివిజన్‌లోని ఏడు జిల్లాల్లో 12 శాసనసభ స్థానాలు ఉండగా, వాటిలో 11 షెడ్యూల్డ్‌ తెగలకు కేటాయించినవి. జగదల్‌పూర్‌ ఒక్కటే జనరల్‌ స్థానం. బస్తర్‌, కాంకేర్‌ లోక్‌సభ స్థానాలు రెండూ ఎస్టీ రిజర్వుడే. హైదరాబాద్‌లోనో రాయ్‌పూర్‌లోనో పేరు తెచ్చుకున్న ఆదివాసేతర తార ఇక్కడ పోటీ చేయగలిగిన చోటు ఒక్కటే. రెండో కారణం భాష. ఛత్తీస్‌గఢీ సినిమాకు రాయ్‌పూర్‌, బిలాస్‌పూర్‌, దుర్గ్‌ మైదానాలే ప్రధాన విపణి. గోండీ, హల్బీ, దోర్లీ మాట్లాడే దక్షిణ అడవుల్లో ఆ తారకు ఇంటింటి పరిచయం లేదు.

బస్తర్‌ బిడ్డల్లో ప్రపంచ సినిమాకు తెలిసిన ముఖం ఒకటే. నారాయణపూర్‌ సమీపంలోని గఢ్‌బెంగాల్‌కు చెందిన మురియా బాలుడు చెంద్రూ. స్వీడన్‌ దర్శకుడు ఆర్నే సుక్స్‌డార్ఫ్‌ పులిపిల్లతో ఆ బాలుణ్ని చిత్రీకరించిన సినిమా 1957లో విడుదలైంది. దానికి సంగీతం రవిశంకర్‌ది. మహారాజు శాసనసభకు ఎన్నికైన సంవత్సరం కూడా అదే. చెంద్రూ స్వీడన్‌ వెళ్లివచ్చి మళ్లీ తన ఊరి పొలానికే చేరుకున్నాడు. పేదరికంలోనే బతికి 2013లో మరణించాడు. విదేశీ తెర ఇచ్చిన ఖ్యాతి సొంత జిల్లాలో ఒక వార్డు పదవిని కూడా అడగలేదు. నయా రాయ్‌పూర్‌ జంగిల్‌ సఫారీలో ఇప్పుడు అతని విగ్రహం ఉంది.

ఛత్తీస్‌గఢ్‌ మైదాన ప్రాంతంలో కథ వేరు. 2000లో, రాష్ట్రం ఏర్పడటానికి కొద్ది రోజుల ముందు విడుదలై ఘనవిజయం సాధించిన ‘మోర్‌ ఛైంహా భుంయ్యా’ కథానాయకుడు అనుజ్‌ శర్మ 2014లో పద్మశ్రీ అందుకున్నారు. 2023 ఎన్నికలకు ముందు భాజపాలో చేరి రాయ్‌పూర్‌ జిల్లా ధర్సీంవా నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. జానపద గాయకుడు దిలీప్‌ లహరియా మస్తూరీ నుంచి కాంగ్రెస్‌ సభ్యుడు. ఇద్దరూ జాతీయ పార్టీల టికెట్‌పై వచ్చినవారే. ఎన్టీ రామారావు 1982 మార్చి 29న, చిరంజీవి 2008లో, పవన్‌ కల్యాణ్‌ 2014లో చేసినట్లు సొంత పార్టీ పెట్టే స్థాయి జనాదరణ ఛత్తీస్‌గఢ్‌లో ఏ కళాకారునికీ దక్కలేదు. పార్టీ గుర్తు లేకుండానే ఓటు తిప్పగల ఒక్క వ్యక్తి ఆ నేలపై వచ్చింది బస్తర్‌లోనే, అదీ తెర మీద నుంచి కాదు.

ఆ కుటుంబ వారసుడు కమల్‌చంద్ర భంజ్‌దేవ్‌ 2013లో భాజపాలో చేరారు. రాష్ట్ర యువజన ఆయోగ్‌ అధ్యక్షునిగా పనిచేశారు. 2022 జులైలో తెలంగాణ ప్రభుత్వం నిర్వహించిన కాకతీయ వైభవ సప్తాహానికి అతిథిగా వరంగల్‌ వచ్చినప్పుడు, ఏడు శతాబ్దాల తరువాత కాకతీయ వారసుడు తిరిగి వచ్చాడంటూ జనం స్వాగతం పలికారు. రథంపై నేడు రాజు కూర్చోరు, దంతేశ్వరి అమ్మవారి ఛత్రం మాత్రమే ఊరేగుతుంది. దసరా చివర్లో, 1876 నుంచి సాగుతున్న మురియా దర్బార్‌లో గ్రామాల మాంఝీలు తమ విన్నపాలు చదివి వినిపిస్తారు. ఒకప్పుడు అవి వినే స్థానంలో మహారాజు ఉండేవారు. ఇప్పుడు ఆ స్థానంలో రాష్ట్ర ముఖ్యమంత్రి కూర్చుంటున్నారు. విన్నపాల్లో మాత్రం నేటికీ అవే అంశాలు: భూమి, అడవి, దారి, బడి.