ప్రజాతీర్పు (2001)

ప్రజాతీర్పు అనేది ఆంధ్ర ప్రదేశ్‌లో వ్యవసాయం, భూమి, ఆహారం ఏ దిశలో సాగాలో సన్నకారు రైతులే విచారించి అభిప్రాయం చెప్పిన కార్యక్రమం. ఇది 2001 జూన్ 25 నుండి జూలై 1 వరకు జహీరాబాదు సమీపంలోని అల్గోల్ గ్రామంలో జరిగింది. అప్పట్లో ఈ ప్రాంతం మెదక్ జిల్లాలో ఉండేది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో ఉంది.

నేపథ్యం

అల్గోల్, పస్తాపూర్, కర్ణాటక సరిహద్దు దగ్గరి చిరాగ్‌పల్లి వంటి గ్రామాలు గల జహీరాబాదు ప్రాంతం ప్రధానంగా మెట్ట ప్రాంతం. జొన్న, కంది ఇక్కడి ముఖ్యమైన పంటలు. 1973 నాటి భూసంస్కరణల చట్టం వ్యవసాయ కమతాలకు గరిష్ఠ పరిమితి విధించి, మిగులు భూమిని పేదలకు పంచాలని నిర్దేశించింది. అయితే నిస్సారమైన భూమి చేతికి వచ్చినంత మాత్రాన పేదల జీవనం గడవదు. 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఈ ప్రాంతంలో దళిత మహిళా సంఘాల ద్వారా బీడు భూములను సాగులోకి తెచ్చింది.

1999లో రాష్ట్ర ప్రభుత్వం విజన్ 2020 పత్రాన్ని విడుదల చేసింది. వ్యవసాయంపై ఆధారపడిన వారిని 70 శాతం నుండి 40 శాతానికి తగ్గించాలన్నది అందులోని ఒక లక్ష్యం. ఆ మార్పు ప్రభావం ఎవరి మీద పడుతుందో వారి అభిప్రాయం తెలుసుకోవడమే ప్రజాతీర్పు ఉద్దేశం.

విచారణ విధానం

న్యాయనిర్ణేతలుగా రాష్ట్రంలోని సన్న, చిన్నకారు రైతులు, చిరువ్యాపారులు తదితరులు పాల్గొన్నారు. వీరిలో మహిళలే ఎక్కువ. వారి ముందు మూడు మార్గాలు ఉంచారు:

* విజన్ 2020 సూచించిన యాంత్రిక, వాణిజ్య వ్యవసాయం
* ఎగుమతులకు అనువైన సేంద్రియ వ్యవసాయం
* స్థానిక అవసరాలపై ఆధారపడిన స్వావలంబన వ్యవసాయం

చదువురాని వారికి కూడా అర్థమయ్యేలా ఈ మార్గాలను వీడియోల ద్వారా వివరించారు. ప్రభుత్వం, కంపెనీలు, విశ్వవిద్యాలయాలు, స్వచ్ఛంద సంస్థల తరఫు సాక్షులను సభ్యులు ప్రశ్నించారు. మూడింటిలో ఒకదాన్ని ఎంచుకోవలసిన నిర్బంధం లేదు. తమ సొంత మార్గాన్ని రూపొందించుకోవచ్చు. విచారణ నిష్పక్షపాతంగా సాగేలా చూడడానికి ఒక విశ్రాంత న్యాయమూర్తితో కూడిన పరిశీలక మండలి ఉండేది.

తీర్పు

వనరులపై గ్రామ సమాజాల అధికారం, సారవంతమైన నేలలు, పంటల వైవిధ్యం, సంప్రదాయ విజ్ఞానం కావాలని సభ్యులు కోరారు. భూమి కొద్దిమంది చేతుల్లోకి చేరడాన్ని, గ్రామీణులు నిర్వాసితులు కావడాన్ని వ్యతిరేకించారు. కూలీల పని పోగొట్టే యంత్రాలు, ఒప్పంద సేద్యం, జన్యుమార్పిడి పంటలు వద్దన్నారు.

స్పందన, విమర్శలు

దీని నివేదిక 2002 మార్చిలో బ్రిటన్ పార్లమెంటు భవనంలో విడుదలయింది. ఆ దేశం ఆంధ్ర ప్రదేశ్‌కు ఆర్థిక సహాయం అందిస్తున్నందున అక్కడ చర్చ జరిగింది. విచారణ పద్ధతినీ, తమ సహాయంపై నివేదిక చేసిన వ్యాఖ్యలనూ ఆ దేశ అంతర్జాతీయ అభివృద్ధి శాఖ అధికారులు తప్పుపట్టారు. ఈ తీర్పుకు చట్టబద్ధత లేదు. 2002లోనే కేంద్రం బీటీ పత్తి సాగుకు అనుమతి ఇచ్చింది.

తరువాతి పరిణామాలు

జహీరాబాదు ప్రాంతంలో భూమి ప్రశ్న అంతటితో ముగియలేదు. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలలో 12 వేల ఎకరాలకు పైగా విస్తీర్ణంలో తలపెట్టిన జాతీయ పెట్టుబడుల, ఉత్పాదక మండలి కోసం జరిగిన భూసేకరణను పలువురు రైతులు వ్యతిరేకించారు. 2013 నాటి భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనాను, బహిరంగ విచారణను నిర్దేశించింది. అయితే ఆ చట్టం ప్రకారం ప్రజలు మాట్లాడేది ఒక ప్రాజెక్టు ప్రతిపాదించిన తరువాత. ప్రజాతీర్పులో మాత్రం రైతులు మొత్తం విధానాన్నే చర్చించారు.