టోమహాక్ క్షిపణి

అమెరికా నౌకాదళపు దూరశ్రేణి క్రూయిజ్ క్షిపణి. 1983లో సేవలోకి వచ్చింది. యుద్ధనౌకల నుంచీ, నీట మునిగి ఉన్న జలాంతర్గాముల నుంచీ ప్రయోగిస్తారు. బూస్టర్ దాన్ని పైకి లేపి ఊడిపోతుంది. రెక్కలు విచ్చుకుంటాయి, చిన్న టర్బోఫ్యాన్ ఇంజిన్ అందుకుంటుంది. వేగం గంటకు సుమారు 880 కి.మీ.; ప్రయాణికుల జెట్ విమానాన్ని మించదు. దాని బలమంతా నేలను ఒరుసుకున్నట్టు ఎగరడంలోనే ఉంది: రాడార్‌కు ఆలస్యంగా గానీ కనబడదు. కింది ఎత్తుపల్లాలను కొలిచి, తనలోని పటంతో సరిచూసుకుంటూ దారి దిద్దుకుంటుంది. చదునైన ఎడారిలో ఈ ఉపాయం అంతగా పారదు. తర్వాతి రకాలకు జీపీఎస్ జోడించారు.

1991 జనవరి 17న ఇరాక్‌పై తొలిసారి యుద్ధంలో వాడారు. 2017 ఏప్రిల్‌లో సిరియాలోని షైరత్ వైమానిక స్థావరంపై రెండు నౌకలు 59 క్షిపణులు వదిలాయి. పైలట్ పట్టుబడతాడన్న భయం లేకపోవడంతో దాడికి ఆదేశించడం నాయకులకు మరీ సులువైంది.