వెలుతురు మితిమీరితే

బ్యాక్టీరియా మీద వెలుతురు ప్రభావాన్ని తొలినాళ్లలో పరిశీలించినవాళ్లలో కొందరు రంగు మీద దృష్టి పెట్టారు. 1902లో బెర్లిన్‌లో నికొలాయ్ గైదుకోవ్ ఆసిలటోరియా అనే సయనోబాక్టీరియాను రకరకాల రంగు వెలుగుల్లో పెంచాడు. ఎర్రటి వెలుగులో అది నీలి ఆకుపచ్చగానూ, ఆకుపచ్చ వెలుగులో ఎర్రగానూ తేలింది. అందిన కాంతిని పట్టుకునే వర్ణకాన్నే కణం తయారుచేసుకుంటోందన్నమాట. ఇక్కడ కాంతి ఆహారం.

అదే కాంతి తన మీద ఆధారపడ్డ కణం ప్రాణమే తీయగలదని 1955లో ఒక ప్రయోగం స్పష్టంగా చూపింది. కాలిఫోర్నియాలోని బర్కిలీలో రోజర్ స్టేనియర్ బృందం, రంగు కెరోటినాయిడ్లు తయారుచేసుకోలేని ఒక ఊదా బ్యాక్టీరియాను పరిశీలించింది. గాలి లేని వెలుతురులో అది హాయిగా పెరిగింది, గాలి ఉన్న చీకట్లోనూ బతికింది. గాలీ వెలుతురూ కలిసి తగిలాయో, చచ్చిపోయింది. క్యారెట్‌కు రంగునిచ్చే పదార్థాల జాతికి చెందిన ఈ కెరోటినాయిడ్లే ఇక్కడ కవచం.

రెండేళ్లకు అదే బృందంలోని జెర్మెన్ కోహెన్-బజీర్, విలియం సిస్ట్రామ్, స్టేనియర్ ఇంకో ముఖ్యమైన సంగతి గమనించారు. కాంతిని ఒక్కసారిగా పెంచగానే, ఊదా బ్యాక్టీరియాలో కాంతిని పట్టే వర్ణకమైన బ్యాక్టీరియో క్లోరోఫిల్ తయారీ ఆగిపోయి, కాసేపటికి తగ్గిన వేగంతో మళ్లీ మొదలైంది. గాలి పంపినా అలాగే ఆగింది. వేర్వేరు కారణాలకు ఒకే ఫలితం ఎందుకు? కణం కాంతిని నేరుగా కొలవడం లేదనీ, తనలో ఎలక్ట్రాన్లను మోసుకెళ్లే ఒక పదార్థంలో అవి ఎంత నిండి ఉన్నాయో చూసుకుంటోందనీ వాళ్లు ఊహించారు. జన్యువులు ఎలా మొదలై ఎలా ఆగుతాయో ఇంకా ఎవరికీ తెలియని కాలమది. ఈ కథలో అన్నిటికన్నా సాహసమైన అడుగు నా లెక్కలో ఇదే.

జన్యువులు చేతికి చిక్కింది 1980లలో. సయనోబాక్టీరియాలో కాంతి దెబ్బ ముందుగా తగిలేది, కాంతిశక్తిని వాడుకునే యంత్రాంగంలోని డీ1 అనే ప్రోటీన్‌కు. దాన్ని పదేపదే విడదీసి కొత్తది అమర్చాలి. 1986లో షికాగోలో సుసాన్ గోల్డెన్, రాబర్ట్ హేసెల్‌కార్న్‌లు సినెకోకాకస్ అనే సయనోబాక్టీరియాలో ఈ ప్రోటీన్‌కు మూడు జన్యువులు ఉన్నాయని చూపారు. అవి తయారుచేసే రూపాలు రెండు. 360 అమైనో ఆమ్లాల్లో తేడా 25 చోట్ల. వెలుతురు పెరిగితే కణం మొదటి రూపాన్ని పక్కన పెట్టి రెండోదాన్ని ఎక్కువగా తయారుచేస్తుందని తర్వాత తేలింది.

1996లో జపాన్‌లోని కజుసా సంస్థ సినెకోసిస్టిస్ అనే మరో సయనోబాక్టీరియా జన్యుక్రమమంతా చదివేసింది. సూర్యకాంతితో బతికే జీవుల్లో పూర్తి జన్యుక్రమం బయటపడ్డ మొదటిది అదే. ఇక జన్యువులన్నిటినీ ఒకేసారి చూడటం సాధ్యమైంది. 2001లో యుకాకో హిహారా బృందం ప్రయోగంలో, కాంతి పెంచిన పావుగంటలోనే కాంతిని పట్టే ప్రోటీన్ల జన్యువుల చురుకు తగ్గింది. రక్షణకూ, కార్బన్ డయాక్సైడ్‌ను స్థిరపరచడానికీ ఉపయోగపడేవాటి చురుకు పెరిగింది.

మరుసటి ఏడాది, స్టేనియర్ బృందం చేసిన 1957 నాటి ఊహకు గట్టి బలం దొరికింది. ఊదా బ్యాక్టీరియాలోని ఆప్‌ఏ అనే ఒకే ప్రోటీన్ నీలి కాంతినీ, కణంలోని ఆక్సీకరణ స్థితినీ కలిపి గ్రహించి జన్యువులకు కబురు పంపుతుందని షింజీ మసుదా, కార్ల్ బావర్ చూపారు. కణం నేరుగా కాంతిని కూడా చూస్తుందన్నది మాత్రం స్టేనియర్ బృందం లెక్కలో లేదు.

2003 నుంచి కథలోకి వైరస్‌లు వచ్చాయి. సముద్రపు సయనోబాక్టీరియాను పట్టే కొన్ని వైరస్‌లు డీ1 జన్యువునూ, తీవ్ర కాంతినుంచి కాపాడే జన్యువులనూ తమతో మోసుకొస్తాయి. కణం తన డీ1 తయారీలో వెనకబడుతున్నా వైరస్ జన్యువు పనిచేస్తూనే ఉంటుంది. పిల్ల వైరస్‌లు పుట్టేదాకా కణానికి కాంతిశక్తి అందుతూ ఉండాలి మరి.