అంటు

పంటి డాక్టరు ‘బోన్ గ్రాఫ్ట్ వెయ్యాలండి’ అనగానే బళ్లో గీసిన గ్రాఫు గుర్తొస్తే నవ్వక్కర్లేదు. రెండు మాటలకూ పుట్టిల్లు ఒకటే. రాయడమనే గ్రీకు ధాతువు నుంచి మన గంటం లాంటి పుల్లకు పేరొచ్చింది. లాటిన్, ఫ్రెంచి మీదుగా వెళ్లి, గంటం మొనలా చెక్కిన కొమ్మకూ అదే పేరు అంటింది. అలా అంటుకట్టే పని కడియం నర్సరీల్లో కళ్లారా చూడొచ్చు: వేరుమొక్క తల కోసి, చీల్చి, చెక్కిన కొమ్మను దూర్చి, ప్లాస్టిక్ పట్టీతో బిగించి చుడతారు. తాకడం, అతుక్కోవడం అనే ‘అంటు’ అచ్చ తెలుగు మాట, కన్నడంలోనూ ఉంది. తలంటు, అంట్లు, అంటువ్యాధి దాని చుట్టాలే. ‘అంటరానితనం’ మాత్రం ఆ ఇంటికి మచ్చ. బోన్ గ్రాఫ్ట్‌ను కొందరు ‘ఎముక మార్పిడి’ అంటున్నారు, అది పొరపాటు. ఇక్కడ మార్చేదేమీ లేదు. తుంటి నుంచి తీసిన ముక్కో, దాత ఎముకో, శుద్ధిచేసిన పశువు ఎముక పొడో తెచ్చి, విరిగి అతకని చోటనో, పన్ను పీకాక కుంచించుకుపోయిన దవడలోనో నింపుతారు. మామిడి అంటు తానే చిగురిస్తుంది. ఎముక అంటు చాలావరకు పరంజాలా నిలబడి, నెలల తరబడి కరుగుతూ సొంత ఎముకకు చోటిస్తుంది. అయినా ‘ఎముక అంటు’ అనడమే మేలు. కడియం వాళ్లకైతే విడమరచి చెప్పే పనే ఉండదు.