తెలుగునాట తొలి ఉన్నత పాఠ్యక్రమాలు: బోధనభాష ప్రశ్న

విశ్వవిద్యాలయంలో ఒక భాషకు శాఖ ఏర్పడడం వేరు, ఆ భాషే ఇతర శాఖలకు బోధనభాష కావడం వేరు. తెలుగు ప్రాంతాలలోని తొలి రెండు విశ్వవిద్యాలయాలలో తెలుగుకు దక్కినది మొదటిది మాత్రమే.

1918లో హైదరాబాదులో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనభాషగా స్వీకరించి, ఇంగ్లీషును నిర్బంధ పాఠ్యాంశంగా ఉంచింది. దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ అంతకుముందే, 1917లో, నెలకొన్నది. చరిత్ర, గణితం, న్యాయం మొదలు వైద్యం, ఇంజనీరింగు వరకు ఉర్దూలో గ్రంథాలను, పరిభాషను అది సమకూర్చింది. ఆధునిక శాస్త్రాలకు దేశభాషలు చాలవన్న వాదానికి ఇది ఆచరణలో చెప్పిన సమాధానం. అయితే, సంస్థాన ప్రజలలో దాదాపు సగంమంది మాతృభాష అయిన తెలుగు మాత్రం, రాయప్రోలు సుబ్బారావు ఆచార్యులుగా ఉన్న శాఖకే పరిమితమైంది.

1926లో బెజవాడలో వెలసి, 1930లో వాల్తేరుకు తరలిన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆంధ్రోద్యమ ఫలం. పింగళి లక్ష్మీకాంతం సారథ్యంలోని తెలుగు ఆనర్సు, సూరి భగవంతం భౌతికశాస్త్రం, టి.ఆర్. శేషాద్రి రసాయనశాస్త్రం అక్కడ ఇరుగుపొరుగు శాఖలు. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షతలో హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ వంటి వంగదేశీయులూ వచ్చి బోధించారు. ప్రమాణాలు పెంచిన ఈ నియామకాలే ఇంగ్లీషును అనివార్యం చేశాయి. ఉస్మానియా స్థాయిలో పరిభాషానిర్మాణమూ అక్కడ సాగలేదు. భాషాభిమానం పునాదిగా లేచిన సంస్థలో ఇది చిన్న వైరుధ్యం కాదు.

1948లో సంస్థానం భారతదేశంలో విలీనమయ్యాక ఉస్మానియాలో ఉర్దూ స్థానాన్ని ఆక్రమించినదీ ఇంగ్లీషే. ఉన్నతవిద్యకు తెలుగు పాఠ్యగ్రంథాలు సమకూర్చే తెలుగు అకాడమి ఏర్పడేసరికి 1968 వచ్చింది.